ఇరవై ఎనిమిదో రోజు

ఆటోనగర్ వెనక కాలవగట్టు దిగితే
రేకుల షెడ్డు, దాని పక్కన వాన మరకల మేడ.
భవన పరిశోధన సంస్థ మాది.
బోర్డు మీద 'పరి' ఎప్పుడో గాలివానకి రాలిపోయి
పదేళ్ళుగా శోధన సంస్థ.
అదే బాగుందంటాడు జక్రయ్య,
రోజూ ప్రార్థనలో తప్పించమని అడిగేది దీన్నే గదమ్మా అని.

నిన్న లెక్కలవాళ్ళొచ్చారు.
కుర్చీలు పదిహేడు, కాళ్ళున్నవి పదకొండు.
కంప్రెషన్ మిషను ఒకటి, కొన్న ఏడు, ఇప్పటి ధర.
ఇసక మీద మేం రాసిన రిపోర్టులు, చెదలు తిన్నవి: ధర లేదు.
స్థలం ఎకరం నలభై సెంట్లు.
ఆ గడి దగ్గర మాత్రం
పెన్ను కాసేపు ఆగి, ఊపిరి పీల్చుకుంది.

నీళ్ళతొట్టిలో ముప్పైఆరు దిమ్మలున్నాయి,
రాజరాజేశ్వరిపేటలో కడుతున్న బడి శ్లాబువి.
జక్రయ్య పోతపోసి, పచ్చి ఆరకముందే మేకుతో తేదీ గీశాడు.
ఇరవై ఎనిమిది రోజులు నానాలి.
ఆ రోజు మిషను కింద పెట్టి అడుగుతాం
నువ్వెంత మొయ్యగలవని.
రేపటికి పదహారో రోజు.
రేపే సంతకాలు.
పోసినప్పుడు సర్కారువి,
పగిలేటప్పుడు కంపెనీవి.

మేమేం సత్తెకాలపువాళ్ళం కాదు.
మిషను ముల్లుకి మొహమాటం లేదు, నాకుండేది.
చేరిన కొత్తలో ఒకసారి పదిహేడుని ఇరవై అని రాశాను,
స్వీటు డబ్బా కూడా తీసుకోకుండా,
ఆయన పెద్దాయన, నిలబడి అడిగాడని.
ఆ మేడ నిలబడే ఉంది.
ఆ వీధిలోంచి నేను నడవను.

కొత్తగా వచ్చిన అబ్బాయి మర్యాదస్తుడు.
అందరికీ టీ తెప్పించాడు, పేర్లు అడిగి గుర్తుపెట్టుకున్నాడు.
ఇకమీదట రిపోర్టు డబ్బు కట్టినవాళ్ళకే మేడమ్, అన్నాడు.
మరి శ్లాబు కింద కూచునేవాళ్ళకి?
కప్పు కింద పెట్టి, నిజంగానే ఆలోచించి,
వాళ్ళు క్లయింట్లు కారు కదా, అన్నాడు.

జాబితాకెక్కనివి కొన్ని ఉన్నాయి.
బుడమేరు ఇళ్ళలోకొచ్చి, ఉండి, వెళ్ళిన ఏడు
సింగ్‌నగర్‌లో పగుళ్ళకి అడ్డంగా
గాజు బిళ్ళలు అతికించాం, నూటతొమ్మిది.
గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు విరుగుతుంది.
ఎండకి మట్టి నోరు తెరుస్తుంది, వానకి ఉబ్బుతుంది,
పైన మనుషులు మాత్రం
మంచం ఇటు జరిపి పడుకుంటారు.

నాంచారమ్మ ఇంట్లో మా గాజు దేవుడి పటాల వరసలో ఉంది.
కూతురి పెళ్ళికి సున్నం వేయించినప్పుడు
దాని చుట్టూ తప్పించి వేయించింది,
మేం రాసిన తేదీ చెరగకూడదని.
నెలనెలా వెళ్ళేదాన్ని.
మీ గాజు కులాసాగా ఉందమ్మా, అనేది,
అత్తారింట్లో ఉన్న నా పిల్ల కబురు చెప్పినట్టు.

ఇవాళ పొద్దున్నే ఫోను.
రాత్రి టిక్కుమందమ్మా.
బల్లి అనుకున్నా. లైటేసి చూస్తే మధ్యకి విరిగింది.
ఇప్పుడు ఎవరికి చెప్పాలంట?

పాత రిజిస్టరు సీలు వేసేశారు.
కొత్తదాన్లో ఫీజు గడి ఉంది, రసీదు గడి ఉంది,
నాంచారమ్మ ఎక్కడా పట్టలేదు.
వాళ్ళావిణ్ణి, పిల్లల్ని ఆ గదిలో పడుకోవద్దని చెప్పి
ఫోను పెట్టేశాను.

పగుళ్ళ స్కేలు, జాబితాలో నలభైమూడో వస్తువు,
చేతిసంచిలో వేసుకున్నాను,
కింద ఇంకో గాజు బిళ్ళ, గుడ్డలో చుట్టి.
సెలవు పెట్టావా? అన్నాడు జక్రయ్య.
ఎవరికి పెట్టను?

అతను మాట్లాడలేదు.
తొట్టిలో నీళ్ళు తగ్గాయని పంపు తిప్పాడు.
దిమ్మల మీదికి మెల్లగా ఎక్కుతున్నాయి నీళ్ళు.
ఇంకా పదమూడు రోజులు.