పీకల్లోతు

ఇంటర్వ్యూ పొద్దున తొమ్మిదింటికి.
మనీలాలో అప్పుడు పదకొండున్నర,
వాషింగ్టన్‌లో ఇంకా నిన్న రాత్రి.
సింగ్‌నగర్‌లో మాత్రం
కుళాయి వచ్చే వేళ.

బిందెల గొడవ వినపడకూడదని కిటికీ మూశాను.
గుమ్మం ముందు పునుగుల బండి షరీఫ్‌కి చెప్పాను,
గంటసేపు గరిటె మోగించకురా అని.
"ఉద్యోగమా అక్కా?"
ఉద్యోగం కాదు, కన్సల్టెంట్.
"అంటే?"
పని ఉన్న రోజులకే డబ్బులు.
"ఓ, కూలీ" అన్నాడు, మూకుడు తుడుస్తూ.

కుట్టుమిషను బల్ల మీద లాప్‌టాప్,
పై వాటా రమీజా గారి వైఫై,
నా వెనక గోడ మీద గీత.
రెండుసార్లు సున్నం వేయించినా
టీ మరకలా మళ్లీ తేలే గీత.
వెనకదంతా మసకబరిచే మీట ఒకటుంది, నొక్కాను.
గోడ మబ్బయింది.
నా ముఖం ఒక్కటే మిగిలింది,
కాస్త పౌడరు ఎక్కువై.

తెర మీద ముగ్గురు.
ఒకాయన, ఒకావిడ,
కెమెరా వేయని మూడో చదరంలో
ఎల్. ప్రసూన అని తెల్లటి అక్షరాలు.

మీ అనుభవం గురించి
ఐదు నిమిషాల్లో చెప్పండన్నాడాయన.
పందొమ్మిదేళ్లు.
ఎన్ని గడపలు, ఎన్ని ఫారాలు,
బురదలో తెగిన ఎన్ని చెప్పులు.
నేను రాసిన రిపోర్టులు పదకొండు,
అట్ట మీద నా పేరున్నది ఒక్కటీ లేదు.
నాలుగు నిమిషాల్లోనే అయిపోయింది.

ఆవిడ 'బుడ్డా మేరూ' అంది.
ఆయన 'బ్యూడమెరు' అన్నాడు.
మూడో చదరం గొంతు సవరించుకుని
"బుడమేరు" అంది.
ఆ 'డ' ఎక్కడ ఆనాలో
సరిగ్గా అక్కడే ఆనింది.
ఆ తర్వాత మళ్లీ నున్నటి ఇంగ్లీషులో
నీటి లోతును అక్కడివాళ్లు ఎలా కొలుస్తారని అడిగింది.

మీటర్లలో కాదండీ, అన్నాను.
ఇంగ్లీషు వాక్యం చివర
'అండీ' జారిపడింది.
మోకాల్లోతు, మొలలోతు, పీకల్లోతు,
ఒక్కొక్కటే విడమరిచి చెప్పాను.
మెడ దాకా, అని ఆయన రాసుకున్నాడు.
ఎవరి మెడ అని అడగలేదు.
ఒకటే వీధి, ఒకటే నీళ్లు.
షరీఫ్‌కి నడుం దాకా,
నాకు ఛాతీ దాకా.
రమీజా గారి చిన్నదాన్ని
బిర్యానీ డేగిసాలో కూర్చోబెట్టి తోసుకెళ్లాం.
అది చెప్పలేదు.
వయసుల వారీగా డేటా తీయాలి, అన్నాను.
కనిపించే ఇద్దరూ తలూపారు.

ఇక మీ డే రేటు?

రాత్రంతా నోట్‌బుక్కులో
రాసి కొట్టేసి రాసి కొట్టేసిన అంకె.
సర్వేకి నాతో తిరిగిన అమ్మాయిలకి
రోజుకు నాలుగొందల యాభై ఇచ్చేదాన్ని,
మధ్యాహ్నం పులిహోర పొట్లం.
డాలర్లలో చెప్పాను.
నా నోటి మాట నాకే
పక్కింట్లోంచి వినబడినట్టుంది.
వెంటనే సరే అన్నారు.
అంత వెంటనే అన్నారంటే
తక్కువే చెప్పానన్నమాట.

మళ్లీ కబురు చేస్తామని ఇద్దరూ వెళ్లిపోయారు.
మూడో చదరం ఇంకా ఉంది.
అటువైపు ఎక్కడో కుక్కర్ కూసింది.
"మీ ఇంట్లోకి ఎంత దాకా వచ్చిందండీ?"
తెలుగులో.

లేచి నిలబడ్డాను.
తల తెర దాటిపోయింది.
ఇక్కడిదాకా అని గోడ మీద చెయ్యి పెడితే
మసక నా చేతిని కూడా మింగేసింది.
మీట కోసం వెతుకుతున్నాను,
మీటింగ్ ముగిసిందని తెర చెప్పింది.

కిటికీ తీశాను.
కుళాయి కట్టేశారు.
నా బిందె ఒకటి నిండి గుమ్మంలో ఉంది,
షరీఫ్ పట్టి పెట్టాడు.
"అయిందా అక్కా? రోజుకెంతిస్తారంట?"
మూకుట్లో నూనె కాగుతోంది.
ఇంకా తేలలేదురా, అన్నాను.