తెల్లదోమ, చారలదోమ

మైనస్ ఎనభై డిగ్రీల పెట్టె మూత ఎత్తితే
వరంగల్ ఉక్కపోత ఒక్క క్షణం ఎనుకకు జరుగుతది.
లోపల వరుసకు నిలబడ్డ గొట్టాల్లో
ఐదేండ్ల జ్వరాలు గడ్డకట్టి ఉన్నయి,
ఒక్కోటి చిటికెన వేలంత.

పేర్లుండవు, అంకెలే.
అయినా కొన్ని నాకు యాదికున్నయి.
నూట పదిహేడు: హసన్‌పర్తి, ఇటుక బట్టి, ఏడో నెల.
రెండు వందల నాలుగు: కాజీపేట, రైల్వే క్వార్టర్లు,
రిపోర్టు కోసం ఎవ్వరూ రాలే.

సెప్టెంబర్ మూడో వారం.
దవాఖాన మెట్ల మీద
బొప్పాయాకు రసం సీసాలు, మేకపాల చెంబులు.
"మీ పిలగానికి ప్లేట్‌లెట్లు ఎన్నున్నయే?" అని
పత్తి రేటు అడిగినట్టు అడుగుతరు ఒకరినొకరు.

ఆ రోజు ఓదేలు వచ్చిండు
మొగుళ్లపల్లి నుంచి.
ఒక చేతిల బిడ్డ రక్తం చీటీ,
ఇంకో చేతిల పాలిథిన్ సంచి,
సంచిల వేర్లమట్టితో పీకిన మిరపచెట్టు.
ఆకులన్నీ పైకి ముడుసుకుని
దోసిలి పట్టినట్టున్నయి.

"మేడమ్, గిది గూడ సూడున్రి."
"ఇక్కడ మనుషులయే చూస్తం. చెట్లకు వేరే ఆఫీసున్నది."
"బొబ్బర తెగులట. తెల్లదోమ తెచ్చిందట.
పిల్లకేమో చారలదోమ అంటున్రు.
రెండూ దోమలేనాయె,
మీ మిషనొక్కటే గాదా?"

నవ్వొచ్చే మాటే. నవ్వలే.
తెల్లదోమ అసలు దోమే కాదని చెప్పబోయిన:
అది ఆకురసం పీలుస్తది, నెత్తురు ముట్టదు,
దాని వైరస్ మనిషినంటదు,
దీని వైరస్ మొక్కనంటదు.
అన్నీ నిజాలే.
ఒక్కటీ అతనడిగిన దానికి జవాబు గాదు.
సంచి తీసుకొని కిటికీల పెట్టిన.

రాత్రి మిషన్ అక్షరాలు కక్కింది.
నాలుగే అక్షరాలు,
పదివేల ఏడువందల చిల్లర సార్లు.
ఒక ఏడుపు రాయడానికి
మనకు యాభై ఆరు కావాలె.
దానికి నాలుగు చాలు.

రెండో రకం.
పిల్ల నెత్తుర్ల ఇంకో పాత జ్వరం ఆనవాలున్నది,
ఎప్పటిదో, తల్లి ముసురు జ్వరమనుకున్నదట.
అప్పుడు పుట్టిన కావలోళ్లు ఇంకా తిరుగుతనే ఉన్నరు.
కొత్తోడి మొఖం కొంచెం తెలిసినట్టే ఉన్నది వాళ్లకు,
పట్టుకుంటరు, కట్టెయ్యలేరు,
పట్టుకున్న చేత్తోనే లోపటికి తోలుకపోతరు.
ఇంటిదొంగను ఈశ్వరుడు గూడ పట్టడంటరు,
ఇంటి కావలోన్ని ఎవరు పట్టాలె?

దాని ఇంటిపేరు ఆరా తీసిన.
రెండు వందల నాలుగుకు దగ్గరి చుట్టం,
నడుమ ముప్పై మూడక్షరాల తేడా.
అంటే ఆ కాజీపేట జ్వరం ఆగలే.
ఎన్ని కూలర్లు, ఎన్ని పాత టైర్లు,
ఎన్ని కొబ్బరి చిప్పలు దాటుకుంట
నాలుగేండ్లకు మొగుళ్లపల్లి చేరింది,
టికెట్ కొనకుంట.

తెల్లారి ఓదేలు కారిడార్ల నిలబడ్డడు.
"ఏమన్న దొరికిందా?"
"రకం దొరికింది. పేరు తెలిసింది."
"మందు?"
"దానికని మందు లేదు. సెలైన్ ఎంత, ఎప్పుడు, అదే మందు.
డాక్టర్లు చూస్తనే ఉన్నరు."
కొంచెంసేపు గోడకు చూసిండు.
"పేరున్నా మంచిదే,
తిట్టుకోనీకన్న పనికొస్తది."

నాలుగో రోజు పిల్ల పొట్ట ఉబ్బింది.
ఐదో రోజు సంగతి నాకు తెల్వదు, ఆదివారం.
ఆరో రోజు ఇడ్లీ అడిగిందట,
కారంపొడి ఎక్కువ కావాలన్నదట.
ఓదేలు ఎప్పుడు పోయిండో చూడలే.
చెట్టు మాత్రం ఇడిసిపెట్టి పోయిండు.

కొత్త గొట్టం పెట్టెల పెట్టిన,
నాలుగు వందల అరవై రెండు.
రవళి అని రాయొద్దు. రాయలే.
ఒక్క అక్షరం ఎక్కడ మారిందో
ఇంకో ఏడాది ఇంకెవరో అడిగితే
ఈ చలి చెప్తది.

కిటికీల మిరపచెట్టుకు
ఒక కొత్త ఆకొచ్చింది. అది గూడ ముడుసుకునే వచ్చింది.
గ్లాసెడు నీళ్లు పోసిన.
సంచి అడుగున నీళ్లు నిలిచినయి.
చూసి, మళ్ల లేచి,
వంచి పారబోసిన.