విత్తనాల బీరకాయ

మొన్న మంగళవారం బోరు
మూడుసార్లు దగ్గి, గాలి ఉమ్మింది.
తొమ్మిది వందల అడుగుల కింద ఏముందో
నాకేం తెలుసు,
పైన మాత్రం ముప్పావు ఎకరం బీరపాదు
పొద్దు వాలేసరికి తలలు వేలాడేసింది.

సర్జాపురం రోడ్డు ఇటు తిరిగినాక
అన్నీ లేఔట్ రాళ్ళే, సున్నం కొట్టినవి.
పిళ్ళప్ప తన భాగం అమ్మి కారు కొన్నాడు.
ఆ కారులోనే వచ్చి నా దగ్గర
కాలుకిలో మిరపకాయలు బేరమాడతాడు.
కొసరు వేస్తాను. ఎంతైనా పాలోడు.

గోడ అవతల పద్నాలుగు అంతస్తులు.
వాటి కడుపులో ఒక యంత్రముందంట,
కడిగిన నీళ్ళనే మళ్ళీ కడుగుతుందంట.
గేటుకాడి అస్సాం పిల్లోడు బిపుల్
సగం కన్నడం సగం హిందీ కలిపి చెప్పినాడు:
"రాత్రి పదకొండుకి వదుల్తాం, పైపు తెచ్చుకో ఆంటీ."
వాళ్ళకి పారబోసే చోటు కావాలి,
నాకు పారే నీళ్ళు కావాలి.

ఆ రాత్రి సెల్లు దీపం నోట కరుచుకుని
పారతో మడవలు తిప్పినాను.
సబ్బు వాసన.
ఎవరి తలంట్లో, ఎవరింటి అంట్లో,
ఏ పసిబిడ్డ గౌను మీద ఒలికిన పప్పో
సాలు సాలుకీ పంచినాను.
పాదు ఏమీ అడగలేదు. తాగింది.

బీరపువ్వు పొద్దుగూకే వేళకి విచ్చుకుంటుంది,
మా అత్త చౌడక్కకి అదే గడియారం,
పువ్వు చూసి పొయ్యి ముట్టించేది.
తొమ్మిదో రోజు
ఆ పచ్చ గడియారాలన్నీ ఒక్కసారే మోగినాయి.

శనివారం గేటు ముందర గోనెపట్ట పరిచినాను.
కళ్ళద్దాలామె కాయ ఈనెలు తడిమి తడిమి
"ఏం నీళ్ళతో పండించావు? మురికి నీళ్ళు కాదు కదా?" అనింది.
"మీ నీళ్ళేనమ్మా" అన్నాను.
మర్యాదకి అన్నాననుకుంది. నవ్వింది.
రెండు కిలోలు తీసుకుంది,
చిల్లర ఉంచుకోమనింది.

కంచె మీద ఒక కాయకి ఎర్ర గుడ్డపీలిక కట్టినాను,
అది అమ్మేది కాదు.
పిళ్ళప్ప అడిగినా ఇవ్వలేదు.
ముదిరి, ఎండి, గింజ రాలినాక
మిగిలిన పీచు మేం ఒళ్ళు రుద్దుకుంటాం.
లోపలి అంగట్లో అదే పీచు
అట్టపెట్టెలో పెట్టి నూటా ఎనభైకి అమ్ముతారంట,
బిపుల్ చెప్పినాడు, నమ్మలేదు.

పొద్దున పోయి ఊపి చూసినాను.
ఒక పక్క గలగలమనింది.
ఇంకో పక్క ఇంకా బరువు,
ఎండ చాలలేదు.