జత చెప్పుల వెల

వేక్‌ఫీల్డ్‌లో మా సంఘం కొన్న పాత చాపెల్ గోడ
రోడ్డు వైపు పొట్ట పెంచింది.
శనివారం గ్లెన్ వచ్చాడు, నిచ్చెనతో, టీ ఫ్లాస్కుతో.
పైన మేకు కొట్టి మట్టపుగుండు వేలాడదీశాడు.
ఎంత ఒరిగిందని అడిగాను.
ఉండు, ముందు దాని ఊగుడు ఆగనీ, అన్నాడు.
అది ఊగుతున్నంతసేపూ
గోడ మీద ఏ తప్పూ లేదు.

మరమ్మతు చందాల పట్టికలో మొదటి పేరు నాది.
ఆదివారం పాఠం చదివే వంతూ నాదే.

తెకోవ కొండల్లోంచి గొర్రెల వాసనతో వచ్చాడొకడు.
తన వంశంలో ప్రవక్తలెవరూ లేరన్నాడు,
మేడిపండ్లు ఏరుకు బతికేవాణ్ణన్నాడు.
మేడిపండ్లవాడికి పొట్ట విప్పకుండానే తెలుస్తుంది
లోపల ఏం కదులుతోందో.
ముందు ఇరుగుపొరుగు పాపాలు ఎంచాడు,
దమస్కుది, తూరుది, ఎదోముది.
వింటున్నవాళ్లు భేషన్నారు.
నేనూ తలూపాను, చదువుతూ చదువుతూనే.
చూపుడువేలు ఊళ్లన్నీ తిరిగి తిరిగి
సొంత గుమ్మం ముందు ఆగింది:
బీదవాణ్ణి జత చెప్పులకు అమ్ముకున్నారు కదా మీరు!

అక్కడ నా గొంతు పట్టేసింది.

జత చెప్పులంటే ఏమిటో నాకొకరు చెప్పాలా?
మా తాత ఏసోబు పొన్నూరు సంతలో చెప్పులమ్మాడు.
తంగేడు చెక్క నీళ్లలో తోలు నానేసేవాడు,
ఆ రంగు చచ్చేదాకా ఆయన గోళ్లలో ఉంది.
కరణంగారికి వేసవికో జత, వెల మాటెత్తకుండా.
ఆ జతను చంకలో పెట్టుకుని
కాలే ఇసుకలో వట్టికాళ్లతో వెళ్లేవాడు.
ఆ అరుగు మీద దేవుడు లేడని తేలాక
మా నాన్నను మిషను బడికి పంపాడు.
నాన్న చదివాడు. నేను చదివాను.
దేవుడు మమ్మల్ని ఎరుగునని పాడుకున్నాం.
ఎరగడమంటే ముద్దు చెయ్యడమనుకున్నాం.

ఇప్పుడు నాకు మూడు కేర్ హోములు,
వీసాలు స్పాన్సరు చేసే లైసెన్సు.
మూడో వరసలో కూర్చున్న కెజియా, బాపట్ల పిల్ల,
పదకొండు లక్షలిచ్చింది.
నాకు కాదు, హైదరాబాదులో నా బావమరిదికి,
రసీదు లేకుండా. అంత తెలివి నాకుంది.
అది ముప్పావెకరం చెక్కా, వాళ్లమ్మ గాజులూ.
వారానికి నలభై గంటలని కాగితం మీద రాశాను,
పదహారు ఇస్తున్నాను.
ఆసెట్‌లో ఒక ముసలాయనకు ఒళ్లు తుడిచి
హార్బరీలో ఇంకొకామెకు అన్నం తినిపించేలోగా
నడిచిన దారికి జీతం లేదు.
ఇవాళ పొద్దున బస్సు లేక
వానలో నడిచే వచ్చింది.
బల్ల కింద ఆమె బూటు నోరు తెరిచింది.
లోపల తడి మేజోడు నాలుకలా ఉంది.

పుస్తకంలో వేలు పెట్టిన చోటు చూసుకున్నాను.
ఆ కాపరి ఇంకా అంటున్నాడు:
అన్ని కొంపల్లోకీ మీ కొంపనే నేను దగ్గరగా ఎరుగుదును,
అందుకే లెక్క మీ దగ్గర మొదలు.
మా తాత కాళ్ల బొబ్బలు
నా తరఫు వాదన అవుతాయనుకున్నాను ఇన్నేళ్లూ.
అవి లేచి వెళ్లి
అటు వైపు సాక్షుల బల్ల మీద కూర్చున్నాయి.

చదవడం అయింది. ఆమేన్ అన్నారందరూ.
కెజియా కూడా అంది,
అనకపోతే నేను చూస్తానేమోనన్నట్టు.
గుమ్మం దగ్గర చెయ్యి కలిపింది.
“చాలా చక్కగా చదివారంకుల్.”

బయట గ్లెన్ మరిచిపోయిన మట్టపుగుండు
ఇంకా మేకుకే ఉంది. వాన వెలిసింది, గాలి లేదు.
దారం పక్కన నిలబడ్డాను,
గోడను చూస్తున్నవాడిలా.
జేబులో ఫోను మోగింది,
వచ్చే వారం డ్యూటీలు పంపమని మేనేజరు.
కెజియా హార్బరీ వైపు మలుపు తిరిగింది,
ఒక కాలు కొంచెం ఈడుస్తూ.

దారం కదలడం లేదు.