జెండా పాట

కొంరెల్లి ముందుగాల పాడింది మైకుల కాదు.
ఎనుమాముల యార్డు గేటు బయట,
ట్రాక్టర్ మడ్గార్డు మీద
రెండు వేళ్ళు, ఒక తాళంచెవి.
రాత్రి రెండయితుండె.
బస్తాల మీద ఒరిగినోళ్ళు తుమ్ముకుంట లేచి కూసున్నరు.

మా దిక్కు పాటంటే రెండు తీర్లు.
గొంతుతోని పాడేది ఒకటి,
పొద్దుగాల సేటు పాడేది ఇంకోటి.
జెండా పాట పద్దెనిమిది వేలు.
నీ కుప్ప కాడికి వచ్చేసరికి పదకొండు.
నడుమ ఏడువేలు ఏ రాగంల కలిసినయని అడిగిండు
తేమ తాలు తరుగు తూకం
ఊపిరి తియ్యకుండ
ఒక్కొక్క తకారానికి ఒక్కొక్క దెబ్బ.

నాది నర్సంపేట బస్టాండ్ ఎదురుంగ మెమరీ కార్డుల దుకాణం,
కార్డు నింపితే పది రూపాయలు.
ఫోన్ల పట్టుకొచ్చిండు పాటను.
వెనుక లారీ హారను, ఎవలిదో దగ్గు.
దగ్గు తీసెయ్యాల్నా తమ్మీ అంటే
ఉండనియ్యక్కా,
మిరపకాయ పాటకు అదే తాళమన్నడు.

తర్వాత తర్వాత తాళం మారింది.
ఒగ్గు చెప్పే మేనమామ డోలు చప్పుడును
ముక్కలు ముక్కలు కోసి కంప్యూటర్ల అతికించిండు.
మామ ఏడాది మాట్లాడలే.
పెండ్లిల డీజే మీద ఆ డోలు మోగినప్పుడు మాత్రం
ఎవలూ చూడకుండ కాలు ఆడిచ్చిండట.

కేసయింది.
రాసుకునే హెడ్డు సారు ఆపి ఆపి చెప్పమన్నడు.
ఆపితే అది పాట గాదు సార్ అన్నడు కొంరెల్లి.
ఒకటి పడ్డది చెంప మీద,
దాన్ని గూడ రెండో పాటల పెట్టిండు.

హైదరాబాద్ నుంచి కంపెనీ కారొచ్చింది, కాయిదాలు తెచ్చింది.
నూటికి డెబ్బై మీకా?
మా ఆడ్తి సేటే నయమున్నడు పోండ్రి అన్నడు.
పోయేటప్పుడు ఆ కారోళ్ళు
నా దుకాణంల చార్జర్ కొన్నరు, బేరం చెయ్యకుండ.

ఇగ మూడో పాట.
యార్డు ఊడ్చే ఆడోళ్ళ మీద.
గంపల కింద కారం, కొంగుల కింద బేరం.
నవ్వుకు కట్టిన్నన్నడు.
నవ్విన్రు. నేను సుత నవ్విన.
సేటు మీద కట్టిన పాట నర్సంపేట దాటనీకె నెల పట్టింది,
ఇది పొద్దుమీకేసరికి జనగామల ఉన్నది.
గేటు కాడ వాచ్‌మన్ నోటికి దొరికింది.
ఆ ముక్క పాడుకుంటనే
ఒక్కొక్కలను కొంగు దులపమన్నడు.

దూడపాక లింగవ్వ వచ్చింది దుకాణానికి,
చేతుల చీపురుకట్ట.
కొడ్తదనుకున్న.
నీ కాడనే నింపుతరట గదా బిడ్డా, నాకు సుత వినిపియ్యన్నది.
అయిపోయేదాక నిలబడ్డది.
డోలు మంచిగున్నదన్నది.
పోయింది.

ముసురు పట్టిన దినం కొంరెల్లి వచ్చిండు.
గడ్డం, తడిసిన అంగీ.
అక్కా, ఆ ముక్క తీసెయ్యి.
తీసిన అన్న.
పరకాల ఫోన్లల్ల ఎవలు తియ్యాలె?
ములుగు ఆటోలల్ల?
భూపాలపల్లిల రెండో షిఫ్టుకు పోయే బస్సుల
గని టోపీ మీద తాళమేసేటోని నోట్లకెంచి ఎవలు తియ్యాలె?
అదేం అడగలే ఆయన.
చాయ్ తాగిండు, సగం.

ఇప్పుడు గూడ యార్డుకు పోతడు మిర్చి సీజన్ల.
పాడుతడు.
ఆ ముక్క కాడికి వచ్చేసరికి నోరు మూసుకుంటడు.
మూసుకున్న కాడ జనం అందుకుంటరు,
ట్రాక్టర్లకు ట్రాక్టర్లు,
ఆయన పాడిన దానికంటె గట్టిగ.
లింగవ్వ ఏ కుప్ప ఎనుక ఉంటదో కనవడదు.

మొన్న ఒక పిలగాడు కార్డు తెచ్చిండు, కారం కొంరెల్లి పాటలన్నీ కావాల్నట.
ఆ ముక్క ఉన్నదా, లేనిదా అనడిగిన.
రెండూ పది రూపాయలే.
ఉన్నదన్నడు.

ఎక్కించిన.