మూడో తలుపు

విల్యాందిలో మంచు మోకాటిదాకా.
థియేటర్‌కి రాలేనివాళ్ళకి
పోయినేడు రికార్డు చేసిన ప్రహసనాన్ని
ఇంటికే పంపుతున్నారు, ఏడు యూరోలకి.

హెల్వి సోఫాలో కాళ్ళు ముడుచుకుంది,
ఒళ్ళో నల్లరొట్టె, ఉప్పుచేప.
ఆ నాటకంలో నాకు వేషం లేదు.
నేను చేసిన ఐదు తలుపులున్నాయి.

మొగుడు ఒకటోదాంట్లోంచి వస్తాడు,
అప్పులవాడు నాలుగోదాంట్లోంచి పోతాడు,
పాస్టరు బీరువాలో ఇరుక్కుంటాడు.
హాలంతా గొల్లున నవ్వుతుంది.
మా గదిలో ఫ్రిజ్ మూలుగుతుంది.
హెల్వి నవ్వబోయి నావైపు చూస్తుంది,
ఇది నవ్వాల్సిన చోటేనా అన్నట్టు.

నేను మూడో తలుపునే చూస్తున్నాను.
ఆ రాత్రి చెమ్మకి చెక్క ఉబ్బింది.
సిర్యె గుంజింది. రాలేదు. మళ్ళీ గుంజింది.
వెనకనుంచి నేను భుజం పెట్టి తోశాను.
వెల్లకిలా పడిందా పిల్ల.
జనం అదీ నాటకమే అనుకున్నారు,
వడగళ్ళలా చప్పట్లు.

ఇప్పుడు సరిగ్గా అక్కడే
బొమ్మ ఆగిపోయింది. నెట్టు మందగించి
తెర మధ్య చుక్కలు గిరగిరా.
తలుపు అంగుళం తెరుచుకుని ఉంది.
ఆ సందులో, అంచు పట్టుకుని,
నాలుగు వేళ్ళు.

హెల్వి కళ్ళజోడు వెతుక్కుని లేచింది.
తెరకి ముక్కు ఆనించి,
వంకర చిటికెనవేలిని పోల్చుకుని,
"ఉర్మాస్, నువ్వే!" అంది.
ముప్పైరెండేళ్ళలో మొదటిసారి
నన్ను స్టేజీ మీద చూసింది.

బొమ్మ కదలగానే వేళ్ళు మాయం.
"వెనక్కి తిప్పు" అంది.
నాలుగుసార్లు తిప్పాను.
నాలుగుసార్లూ ఆ తలుపు పట్టేసింది,
సిర్యె పడింది,
హెల్వి ఈసారి నన్నడక్కుండా నవ్వింది.

అంచున ఒక్క నూలు చిత్రిక పడితే సరిపోయేది.
ఆ రోజు పొద్దున్నే అనుకున్నాను.
పట్టలేదు.