మూరెడు నీళ్ళు

రాత్రి పదకొండింటికి తలుపుల కిందనుంచి
కాగితాలు తోసుకుంటూ వెళ్తాను,
నాలుగో అంతస్తులో అరవైరెండు గదులు.
ప్రతిదాని మీదా అదే మాట:
రేపు పొద్దున అయిదు నుంచి పది దాకా
బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేయకండి.
కమ్మీ మీంచి వంగకండి.
ముఖ్యంగా, చెయ్యి బయట పెట్టకండి.

చదివి నవ్వేవాళ్ళే ఎక్కువ.
ఇంత సముద్రం దాటొచ్చినవాళ్ళకి
ఒక గోడంటే లెక్కేమిటి?
వాళ్ళకేం తెలుసు, గతూన్ లాకుల్లోకి
ఈ మేడంత ఓడ
ఒరలోకి కత్తిలా దూరుతుందని,
అటు మూరెడు, ఇటు మూరెడు
నీళ్ళు తప్ప ఏమీ మిగలవని.
పట్టాల మీద ఇంజన్లు లాగి పట్టుకున్న ఉక్కు తాడు
బిగుసుకున్నప్పుడు సన్నగా కూత పెడుతుంది.
అది వింటే నా కడుపులో దేవినట్టుంటుంది.

నాది కోలోన్. పేరు డియోసెలీనా.
మా అన్న ఎలాదియో పని ఆ గోడ మీదే.
తాడు అందుకోవడం, కొక్కేనికి తగిలించడం,
విప్పడం, మళ్ళీ ఇంకో ఓడ.
ఎనిమిది నెలల ఒప్పందంలో నేను ఇల్లు చూడను.
ఓడ మా ఊరి పక్కనుంచే పోతుంది, ఆగదు.
పదిహేను రోజులకోసారి అన్నని మాత్రం చూస్తాను,
అదీ ముక్కలు ముక్కలుగా.

వెనక తలుపులు మూసుకుని నీళ్ళు ఎక్కుతుంటే
ముందు గోడ. నాచు పట్టి, చెమటోడుస్తూ,
మా ముత్తాతల కాలపు కాంక్రీటు.
తర్వాత బూట్లు.
ఎడమదాని తాడు ఎప్పుడూ ఊడే ఉంటుంది.
మోకాళ్ళు. నారింజరంగు కోటు.
అప్పుడు ముఖం, సరిగ్గా నా ముఖానికి ఎదురుగా,
ఒక నిమిషం, మహా అయితే నిమిషంన్నర.
ఆ తర్వాత టోపీ.
ఆ తర్వాత ఎవరి టోపీయో తెలియనంత కింద.

ఆ నిమిషంలోనే అన్నీ అయిపోవాలి.
అమ్మ మోకాలు. వాన. కరెంటు బిల్లు.
యారిసెల్‌కి పన్ను ఊడింది, పైదే.
ఒకసారి ఏం చెప్పాలో తోచక
ఇద్దరం గొంతు సవరించుకునేసరికే
నీళ్ళు నన్ను ఎత్తుకుపోయాయి.

మొన్న మార్చిలో
ముప్ఫైరెండో గది బాల్కనీలో కాపలా ఉన్నాను.
అందులో టోర్గేర్ గారు, ఎనభయ్యొక్కేళ్ళు,
నార్వేలో ఎక్కడో చేపల పడవ నడిపిన మనిషి,
కాగితాన్ని విమానంలా మడిచి చెవి వెనక పెట్టుకున్నారు.

అన్న ముఖం వచ్చింది.
ముఖంతో పాటు చెయ్యి కూడా.
చేతిలో పచ్చటి ఆకు పొట్లం, దారంతో కట్టింది.
మొక్కజొన్న బోయో. విప్పకుండానే తెలిసింది.
"అమ్మ పంపింది, వేడిగా ఉంది."

నా చేతులు నా వెనక
ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి.
అరవైరెండు కాగితాలు పంచిన చేతులవి.
"చెయ్యి లోపలికి తీసుకోండి," అన్నాను.
సొంత అన్నతో,
ఇంగ్లీషులో, యూనిఫాం గొంతుతో.

అన్న చెయ్యి అక్కడే ఉంది.
మేమే ఎక్కుతున్నాం.
పొట్లం నా భుజం దగ్గర, నా నడుము దగ్గర...

టోర్గేర్ గారు వంగారు.
కమ్మీ మీద పొట్ట ఆనించి, పొడుగాటి చెయ్యి కిందికి చాచి,
ఎన్ని వలలు లాగిందో ఆ చెయ్యి,
తొణక్కుండా అందుకుంది.
ఎక్కడో తాడు కూత పెట్టింది.
నేను అరిచాను, ఏ భాషలోనో గుర్తులేదు.

ఆయన పొట్లం వాసన చూశారు.
"ఇది నాకు కాదనుకుంటాను," అన్నారు.
కింద గోడ మీద అన్న
ఎప్పుడూ లేనిది, వంగి బూటు తాడు కట్టుకుంటున్నాడు.

రిపోర్టులో రాశాను:
ముప్ఫైరెండో గది. ప్రయాణికుడు చెయ్యి బయట పెట్టారు.
హెచ్చరించడమైనది.
ఆ చేతిలో ఏముందో రాయడానికి
ఫారంలో గడి లేదు.

దుప్పట్ల గదిలో తలుపేసుకుని, నిలబడే తిన్నాను.
ఉప్పు ఎక్కువైంది.
అన్నతో చెప్పాలి, అమ్మకి చెప్పమని,
పదిహేను రోజులాగి,
ఆ నిమిషంలో.